పద్మకు రావలసిన ఫోను

దయ్యాలు, జిన్నులు, గాలి సోకడం లాంటి మాటలు చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగినా, నేను వాటిని నమ్మినదాన్ని కాదు. పొద్దు గుంకితే మా నానీ, అంటే అమ్మమ్మ, పెరట్లో వేపచెట్టు కిందికి పోనిచ్చేది కాదు. నేను కావాలనే పోయి కూర్చునేదాన్ని. తాయెత్తు కడితే జ్వరం తగ్గుతుందని ఎవరన్నా అంటే, ముందు మాత్ర మింగమని చెప్పే రకం నాది. ఇప్పటికీ అంతే. ఈ రాసేది కూడా దయ్యం కథ కాదు. ఇందులో చచ్చిపోయినోళ్ళు ఎవరూ లేరు. అందుకే నాకు ఇది మరీ అర్థం కాకుండా పోయింది.

మాది ప్రొద్దుటూరు. ఎర్రగుంట్ల రోడ్డు వైపు ఒక సందులో అద్దె ఇల్లు. నేను ఇంట్లోనే మగ్గం వర్కు చేస్తాను. మా ఆయన ఖాదర్ గల్ఫులో ఉంటాడు. గల్ఫ్ అంటే అందరూ ఎడారి అనుకుంటారు గానీ, ఆయన ఉండేది సముద్రంలో. ఒడ్డు కనపడనంత దూరంలో, నీళ్ళ మీద తేలే చమురు రిగ్గు మీద.

అక్కడ ఫోన్లూ ఇంటర్నెట్టూ చూసుకోవడం ఆయన పని. అంత దూరం టవర్లు లేవు, వైర్లు పోవు. ఏ మాటైనా ఆకాశంలోకి పోయి, ఉపగ్రహాన్ని తాకి, మళ్ళీ కిందికి రావాల. దానికోసం రిగ్గు పైన పెద్ద తెల్లటి గుండు ఒకటి ఉంటుంది, మసీదు గుమ్మటం మాదిరి. దాని లోపల డిష్ ఉంటుంది. అలకు రిగ్గు ఊగినప్పుడల్లా ఆ డిష్ తనంతట తాను తిరిగి ఉపగ్రహం వైపే చూస్తుండాల. దాని చూపు కొంచెం తప్పిందంటే, రిగ్గు మీద ఉన్న అంతమందికీ ఇంటితో మాటలు బంద్. అందరూ వచ్చి మా ఆయన గది ముందర నిలబడతారంట, "ఖాదర్ భాయ్, ఇంకా ఎంతసేపు?" అని.

ఇక్కడ మా పరిస్థితి కూడా అదే. వాట్సాప్‌లో ఒక టిక్కు పడి రెండోది పడకపోతే నాకు అన్నం దిగదు. గాలివాన కావచ్చు, మోటరు కావచ్చు, ఒడ్డున ఏదో రిపేరు కావచ్చు. కారణం మనకు తెలిసేది మళ్ళీ లైను వచ్చినాకే. అంతవరకూ మనసు తన కారణాలు తాను కట్టుకుంటూ పోతుంది. అవి ఎప్పుడూ మంచి కారణాలు కావు.

ఆ రోజు పొద్దున నేను పెట్టిన సలాముకు రెండో టిక్కు పడలేదు. అప్పటికే ఎండలు తగ్గి తొలకరి పడింది. పాప స్కూలుకు పోయింది. మధ్యాహ్నం అన్నం తిని మగ్గం ముందర కూర్చున్నాను. పెళ్ళి జాకెట్టు ఒకటి, చేతులకు జర్దోసీ కుట్టాల. మనసు మాత్రం ఫోను మీదే ఉంది.

అప్పుడు ఫోను మోగింది. చూస్తే మా ఆయన నంబరే. నిజానికి అది ఆయన ఒక్కడి నంబరు కాదు. ఆ కంపెనీ రిగ్గుల నుంచి ఎవరు చేసినా మనకు అదే నంబరు కనపడుతుంది. నాకది నోటికి వచ్చు. "యా అల్లా, వచ్చింది" అనుకుంటూ సూది పక్కన పెట్టి ఎత్తినాను.

ఆయన గొంతు కాదు. మగమనిషి, తెలుగులో, మన పక్క యాసలో.

"పద్మా... పద్మా, ఇనపడతాందా?"

వెనకాల సైరను మోగుతోంది. ఆగి ఆగి, ఆగి ఆగి.

"అన్నా, నేను పద్మను కాదు. మీరెవరు? ఆడ ఏమైంది? ఖాదర్ బాషా ఉన్నాడా ఆడ?" అని గట్టిగా అరిచినాను.

ఆ మనిషికి నా మాట చేరలేదు. నేను మాట్లాడేటప్పుడు ఆగడం లేదు, బదులు చెప్పడం లేదు. తన పాటికి తాను చెప్పుకుంటూ పోతున్నాడు.

"ఇనపడకపోయినా చెప్తాండా. ఈడ పొగ శానా ఉంది. తలుపు రావడంల్యా. వస్తారు, మనోళ్ళు వస్తారులే... పద్మా, ఆ పొద్దు నేను నీతో మాట్లాడకుండా బస్సెక్కినా గదా. కోపమనుకునింటావు. కోపం కాదు మే. నోరు తెరిస్తే నేను ఇంగ పోలేనని. కిటికీ పక్కన కూడా కూచోలే, నువ్వు కనపడతావని."

దగ్గు వచ్చింది ఆయనకు. చాలాసేపు దగ్గినాడు.

"చిన్నోనికి ఈత నేర్పిద్దామనుకుంటి. మీ తమ్మునితో చెప్పు, మైలవరం కాలవలో నేర్పిస్తాడు. నీళ్ళంటే వానికి బయం పెట్టగాకు. సముద్రంలో పని చేసేటోని కొడుకు, ఈత రాకుంటే ఎట్ల? ... ఇంగోటి. నువ్వు పోపులో ఇంగువ ఎక్కువేస్తావని పోట్లాడేవాన్ని గదా. ఈడ క్యాంటీన్లో ఏం తిన్నా ఆ వాసన లేదు మే. ఎంతైనా వేసుకో. ఇంగ నేనేమీ అనను."

నవ్వినాడు. ఏడ్చినాడో నవ్వినాడో. తర్వాత మాట తగ్గిపోయింది. పేరు మాత్రం రెండు మూడుసార్లు పిలిచినాడు. ఏదో బరువైన వస్తువు ఇనుము మీద పడినట్టు శబ్దమై ఫోను కట్టయింది.

తిరిగి చేస్తే కలవలేదు. మా ఆయనకు వాట్సాప్‌లో చేస్తే కలవలేదు. మెసేజి పెట్టినాను. ఒకటే టిక్కు.

ఆ సాయంత్రమూ ఆ రాత్రీ నేను ఎట్లా ఉన్నానో చెప్పడం కష్టం. రిగ్గు తగలబడుతోందని నాకు రూఢి అయిపోయింది. టీవీ పెట్టుకుని అన్ని చానళ్ళూ తిప్పినాను. సముద్రం గురించి ఎవరూ ఏమీ చెప్పడం లేదు. పులివెందులలో ఉండే మా తమ్మునికి ఫోను చేస్తే, "ఏమన్నా అయ్యుంటే ఈపాటికి తెలిసేది అక్కా, నువ్వు పండుకో" అన్నాడు. పాప అడిగితే, నాన్న వాళ్ళ దగ్గర గాలివాన అని చెప్పినాను. నమాజుకు కూర్చుంటే చదివేది మరిచిపోయి ఆ సైరనే చెవుల్లో మోగుతోంది. ఇంకెవరికో కూడా ఈ బాధ ఉండాల. పద్మ అనే ఒక మనిషి ఎక్కడో ఉంది, ఆమెకు ఈ సంగతి తెలియదు. ఆమెకు చెప్పాలన్నా నాకు దారి తెలియదు.

మరుసటి రోజు మధ్యాహ్నం టిక్కులు రెండూ పడినాయి. ఆ వెంటనే ఫోను. మేము మాట్లాడుకునేది ఉర్దూలో. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"మీకేం కాలేదు గదా? మంటలు ఆరిపోయినాయా?" అన్నాను.

ఆయన కొంచెం ఆగినాడు. "మంటలా? ఏం మంటలు? నీకెవరు చెప్పినారు?"

జరిగింది చెప్పినాను. ఆయన ఓపిగ్గా విని, డిష్ తిప్పే మోటరు చెడిపోయిందనీ, ముందురోజు తెల్లవారుజాము నుంచి లైను లేదనీ, తానే ఆ గుండు లోపల దూరి రిపేరు చేస్తూ ఉన్నాననీ చెప్పినాడు. ఆ రిగ్గు నుంచి ఒక్క ఫోను కూడా బయటికి పోయే వీలు లేదంట. పక్క రిగ్గుల్లో లైను ఉంది గానీ, ఎక్కడా సైరను మోగలేదంట, ఎక్కడా పొగ లేదంట.

"మన ఊర్ల వైపోడు ఎవరన్నా ఉన్నాడా, పద్మ అనే భార్య ఉన్నోడు?"

"ఇంకో రిగ్గులో ఒకడుండె. ఓబులేసని, ఎత్తులో పనిచేసేవాళ్ళు నిలబడేదానికి మంచెలు కట్టే పని. జమ్మలమడుగు అవతల ఏదో పల్లె. కానీ వాడు లీవులో ఇంటికి పోయి రెండు వారాలైంది. వాడెట్లా చేస్తాడు సముద్రం నుంచి? ఏదో తప్పు నంబరు షమీమ్, వదిలేయ్."

నా ఫోనులో ఆ కాల్ ఉంది. పది నిమిషాల పైన మాట్లాడినట్టు ఉంది. స్క్రీన్ షాటు తీసి పంపినాను. ఆయన తన వైపు కంపెనీ రికార్డులో వెతికినాడు. అక్కడ నా నంబరుకు ఆ రోజు ఏ ఫోనూ పోలేదు.

వదిలేయమన్నాడు గానీ నాకు చేతకాలేదు. ఇంకొకరి సామాను మన ఇంట్లో దింపిపోయినట్టు ఉండింది నాకు. కుట్టు ముందర కూర్చుంటే ఆ మాటలే. పక్కింటి సుజాతక్క పుట్టినిల్లు జమ్మలమడుగు. ఆమెతో చెప్పినాను. మొదట నవ్వింది. స్క్రీన్ షాటు చూసి నవ్వడం ఆపింది. వాళ్ళ అన్నకు ఫోను చేసి, గల్ఫు సముద్రంలో పనిచేసే ఓబులేసు ఎవరని విచారిస్తే, మైలవరం పోయే దారిలో ఒక పల్లె అని తెలిసింది. ఊరి పేరు రాయను.

ఆదివారం ఇద్దరమూ బస్సెక్కి జమ్మలమడుగు పోయి, అక్కడి నుంచి ఆటోలో పోయినాము. దారి పొడుగునా సుజాతక్క, "ఏం చెప్తావు మే ఆడికి పోయి? 'మీ ఆయన నాకు ఫోను చేసినాడు' అంటే ఆయమ్మ ఊరుకుంటాదా?" అంటూనే ఉంది. ఆ అనుమానం నాకూ ఉండింది. పరాయి ఇంటి ఆడమనిషి వచ్చి, నీ మొగుడు నాతో మాట్లాడినాడని చెబితే ఎవరు కూర్చోబెడతారు?

ఇంటి ముందర రేకుల పందిరి. దాని కింద ఒకాయన కూర్చుని డ్రిప్పు పైపులకు చిల్లులు పడినచోట కత్తిరించి అతికిస్తున్నాడు. నలభై దాటి ఉంటాయి. మమ్మల్ని చూసి, "ఎవరు కావాలమ్మా?" అన్నాడు.

అదే గొంతు.

నేను సుజాతక్క చెయ్యి పట్టుకున్నాను. ఆమె తర్వాత చెప్పింది, నా గోళ్ళు దిగినాయని.

మా ఆయన పేరు చెప్పగానే ఆయన లేచి, "ఖాదర్ భాయ్ వాళ్ళ ఇంట్లోవాళ్ళా! రాండి, లోపలికి రాండి. పద్మా, నీళ్ళు తీసుకురా" అని సంతోషంగా పిలిచినాడు. ఆమె వచ్చింది. సన్నటి మనిషి. చేతులకు శెనగపిండి ఉంది. నీళ్ళు ఇచ్చి గడప దగ్గర నిలబడింది.

ఎట్లా మొదలుపెట్టాలో తెలియక, ఉన్నది ఉన్నట్టు చెప్పినాను. ఫలానా రోజు మధ్యాహ్నం నాకు ఫోను వచ్చిందని, మీ గొంతేనని, పద్మా అని పిలిచినారని.

"నేనా? ఆ పొద్దు నేను ఈడనే ఉండా గదమ్మా. చేన్లో ఉండా. అడుగు ఈమెను" అన్నాడు.

"అవును, అన్నం కూడా నేనే తీసుకపోయినా" అంది పద్మ. ఆమె నన్ను చూసే చూపు మారింది.

నాకు ఇక ఆ మాటలే తిరిగి చెప్పడం తప్ప దారి లేకపోయింది. "ఇనపడకపోయినా చెప్తాండా అన్నారు. పొగ శానా ఉంది, తలుపు రావడంల్యా అన్నారు" అన్నాను.

ఓబులేసు చేతిలో పైపు ముక్క కింద పెట్టినాడు.

"ఆపమ్మా" అన్నాడు మెల్లగా.

"పొగేంది?" అంది పద్మ. "యాడ పొగ?"

పద్మ నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పు మే. ఇంగా ఏమన్నాడు?"

బస్సు సంగతి చెప్పినాను. కోపం కాదని, నోరు తెరిస్తే పోలేనని, కిటికీ పక్కన కూడా కూచోలేదని. పద్మ గడప మీద అట్లే కూలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ బస్సు మాట ఆ ఇంట్లో వాళ్ళిద్దరికి తప్ప ఇంకెవరికీ తెలిసే వీలు లేదని ఆమెను చూస్తేనే అర్థమైంది. ఈత సంగతి చెప్పినాను. ఇంగువ సంగతీ చెప్పినాను.

అప్పుడు ఓబులేసు చెప్పినాడు. అంతకు ముందు చలికాలంలో ఆయన ఉన్న రిగ్గులో కింది అంతస్తులో నిప్పు అంటుకుంది. అప్పుడు ఆయన సామాన్ల గదిలో ఉన్నాడు. బయట పొగ, తలుపు బిగుసుకుపోయింది. నిప్పంటుకుంటే మొదట సైరనుకు తప్ప అన్నిటికీ కరెంటు ఆపేస్తారంట, దాంతో ఫోన్లు కూడా ఆగిపోయినాయి. గోడకు ఒక ఫోను ఉండింది.

"ఎత్తి చూసినా. గుయ్యిమనే శబ్దం కూడా లేదు. చచ్చిపోయింది ఫోను. అయినా ఇంటి నంబరు నొక్కినా. చేతిలో ఏదో ఒకటి పట్టుకోవాలనిపించిందమ్మా. ఈమెతో మాట్లాడినట్టు మాట్లాడుకుంటా కూచున్యా. ఎవరూ ఇనలేదు. ఎవరూ ఇనే దారి లేదు. మాస్కులేసుకున్నోళ్ళు వచ్చి తలుపు పగలగొట్టి ఎత్తకపోయినారు. ఆ ఫోను అట్లే వేలాడతా ఉండె."

ఎవరికీ ప్రాణాపాయం కాలేదంట. ఆయన కొన్ని రోజులు రిగ్గు మీది ఆస్పత్రి గదిలో ఉండి, మళ్ళీ పనిలో చేరినాడు. ఇంట్లో ఒక్క మాట చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని పద్మ అడగలేదు. ఆమె అడిగింది ఒకటే.

"కోపం కాదా?"

"కాదు మే."

"నేను ఇన్నాళ్ళూ కోపమనే అనుకుంటి."

సుజాతక్క నన్ను లేపి బయటికి తీసుకొచ్చింది. వాళ్ళు భోజనం చేసి పొమ్మని బలవంతం చేసినారు గానీ, మేము ఉండలేదు.

ఆ రాత్రి మా ఆయనను అడిగినాను, చలికాలంలో నిప్పంటుకున్న సంగతి మీకు తెలుసా అని. తెలుసన్నాడు. రిగ్గులోని ఫోన్లన్నిటినీ కలిపే పెట్టె కాలిపోతే, దాన్ని తీసేసి కొత్తది బిగించడానికి తానే ఆ రిగ్గుకు పోయినాడంట. నేను భయపడతానని చెప్పలేదంట. మంటలు అనగానే ఆయన ఎందుకు ఆగినాడో అప్పుడు తెలిసింది.

"ఆ పాత పెట్టెలో మాటలు ఎక్కడన్నా నిలిచిపోయి ఉంటాయా?" అని అడిగినాను.

"కరెంటే లేదు షమీమ్. మాట తీసుకునేదానికే దిక్కు లేదు, ఇంక దాచుకునేది యాడ? ఆ పెట్టె తుక్కు కింద పోయింది. పైగా వాడు నొక్కింది వాని ఇంటి నంబరు. నీ నంబరుకూ దానికీ ఒక్క అంకె కూడా కలవదు."

ఆయన చదువుకున్నది, బతుకుతెరువు చేసుకున్నది ఈ పని మీదే. ఆయనకే తెలియకపోతే నాకేం తెలుస్తుంది? కొన్ని రోజులు తెలిసిన ఇంజినీర్లను అడిగినాడంట. ఒకరు నవ్వినారంట, ఒకరు నీ భార్యకు నిద్ర తక్కువైందేమో అన్నారంట. తర్వాత అడగడం మానేసినాడు.

ఓబులేసు లీవు అయిపోయినాక మళ్ళీ పనికి పోయినాడు. పద్మ వద్దనలేదు. ఆ చేను మీద వచ్చేదానితో ఇల్లు గడవదు. ఇప్పుడు ఎక్కడ లైను పోయినా పద్మ నాకు ఫోను చేస్తుంది. "మీకు పోయిందా అక్కా? మాకు పొద్దున్నుంచి లేదు" అంటుంది. లైను వచ్చేవరకూ ఇద్దరమూ ఏవేవో మాట్లాడుకుంటాము. పిల్లల చదువులు, కూరలు. భయం తగ్గదు, ఒంటరిగా భయపడేది ఉండదు, అంతే.

మా ఆయన మొన్న చలికాలంలో లీవుకు వచ్చినాడు. ఒకరోజు అన్నం తినేటప్పుడు అడిగినాను, మీరెప్పుడన్నా అట్లా చచ్చిపోయిన ఫోనులో మాట్లాడినారా అని. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"ఒకసారి. నీకు ఆపరేషన్ అయిన రోజు."

నాలుగేళ్ళ కిందటి మాట అది. కడుపులో రాళ్ళకు నాకు ఆపరేషన్ చేసినారు. ఆ రోజు రిగ్గులో లైను పోయింది. బాగు చేయవలసినవాడు ఆయనే. సామాను ఒడ్డు నుంచి హెలికాప్టర్లో రావాల. అంతవరకూ చేసేదేమీ లేక, గది తలుపు వేసుకుని, ఏ శబ్దమూ లేని ఫోను చెవి దగ్గర పెట్టుకుని కూర్చున్నాడంట.

"ఏం చెప్పినారు?"

"ఇప్పుడెందుకు? నువ్వు బాగున్నావు గదా" అని చెయ్యి కడుక్కోవడానికి లేచినాడు. ఎన్నిసార్లు అడిగినా అంతకు మించి చెప్పలేదు.

ఇది ఎట్లా జరిగిందో నాకు తెలియదు. ఆ సైరను, ఆ దగ్గు నేను విన్నాను. కలగనలేదు. ఆ కాల్ ఇప్పటికీ నా ఫోనులో ఉంది. దానికి కారణం చెప్పగలిగినవాళ్ళు ఇంతవరకూ నాకు ఒక్కరూ దొరకలేదు.

ఒక్క సంగతి మాత్రం అడగాలని ఇదంతా రాసినాను. మీలో ఎవరికైనా, ఎప్పుడైనా, తెలియని నంబరు నుంచి ఒక మగమనిషి ఫోను చేసి, ఉర్దూలో "షమీమ్" అని పిలిచి, మీ మాట వినిపించుకోకుండా తన పాటికి తాను చెప్పుకుంటూ పోతే, దయచేసి పెట్టేయకండి. చివరిదాకా వినండి. మా ఇల్లు ఎర్రగుంట్ల రోడ్డు వైపు, మగ్గం వర్కు షమీమ్ అంటే ఎవరైనా చూపిస్తారు.